జగన్నాథపురం గోలీ సోడా బుడ్డి: ఎవరు ఊదారు, ఎవరు నింపారు

కాకినాడ జగన్నాథపురంలో ఒక పాత పెంకుటిల్లు పడగొడుతుంటే అటక మీద గోనెసంచిలో రెండు గోలీ సోడా బుడ్లు దొరికాయి. ఇంటి యజమాని బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆయన. ఎవరో చెబితే నా నంబరు పట్టుకుని రాజమండ్రికి ఫోన్ చేశారు. “మాస్టారూ, ఇవి బ్రిటిషు వాళ్ల నాటివట. 1870 నాటి ఒరిజినల్ అని చెప్పి ఒకాయన రెండూ కలిపి కొనుక్కుంటానంటున్నాడు. ఇచ్చేముందు మీరొకసారి చూస్తారా?” అన్నారు.

నేను ఇరవై ఏళ్లుగా పాత సీసాలు పోగుచేస్తూ, వాటి పుట్టుపూర్వోత్తరాలు రాసి పెడుతున్నాను. ఇలాంటి కేసులు నెలకు ఒకటో రెండో వస్తాయి. చాలావాటి కథ సీసా మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదవడంతో అయిపోతుంది. ఫలానా దేశం, ఫలానా ఫ్యాక్టరీ, ఫలానా కాలం అని చెప్పేసి ఊరుకుంటాం. ఈ కేసు అక్కడ ఆగలేదు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

ముందు ఒక్క మాట. “ఈ సోడా బుడ్డి ఎవరు చేశారు?” అన్నది పైకి ఒక ప్రశ్నే, లోపల మూడు ప్రశ్నలున్నాయి. ఆ ఆకారం ఎవరి బుర్రలో పుట్టింది, గాజు ఎవరి కొలిమిలో ఊదారు, అందులో సోడా ఎవరు కొట్టి అమ్మారు. ఈ మూడూ చాలాసార్లు మూడు వేరు వేరు ఊళ్లు, ముగ్గురు వేరు వేరు మనుషులు. సీసా మీద పేరు కనబడగానే అతనే అన్నీ చేశాడనుకోవడం మనవాళ్లు మామూలుగా చేసే పొరపాటు. మొదట్లో నేనూ అదే చేశాను. బార్న్‌స్లీ అని ఇంగ్లండు ఊరి పేరు ఉన్న సీసాలన్నింటినీ “బార్న్‌స్లీ సోడా కంపెనీ” అని రెండేళ్లపాటు నోటుబుక్కులో రాసుకున్నాను.

సీసాను చూడటం

రెండు బుడ్లనూ గోనెసంచి మీదే పక్కపక్కన పడుకోబెట్టాం. మొదటిది మట్టికొట్టుకుపోయి ఉంది. యజమాని గారి అబ్బాయి అప్పటికే దానిలో ఇసుక, నీళ్లు పోసి ఊపడానికి సిద్ధంగా ఉన్నాడు. వద్దని ఆపాను. ఇసుక వేస్తే లోపలి గాజు గీరుకుపోతుంది. దానికితోడు గోలీ దబదబా కొట్టుకుని మెడ లోపల పెచ్చులు లేస్తుంది. మామూలు నీళ్లలో కాస్త సబ్బు వేసి రెండు రోజులు నానబెడితే చాలు, మట్టి తనంతట తనే వదులుతుంది.

నానిన తరువాత తేలిన కొలతలివి. ఎత్తు 22.8 సెంటీమీటర్లు, బరువు సుమారు 560 గ్రాములు. నీళ్లతో నింపి కొలిస్తే 280 మిల్లీలీటర్ల పైచిలుకు పట్టింది. అంటే ఇంగ్లీషు కొలతలో పది ఔన్సులు. రెండో బుడ్డి పట్టింది 200 మిల్లీలీటర్లు. ఆ ఒక్క కొలతతోనే రెండూ ఒక కాలానివి కావని అనుమానం వచ్చింది. మెట్రిక్ కొలతలు మన దేశంలోకి వచ్చింది స్వాతంత్ర్యం తరువాతే కదా.

మొదటి బుడ్డి గాజు లేత నీలి ఆకుపచ్చ. ఇసుకలో ఉండే ఇనుము వల్ల వచ్చే రంగు అది. ఎండకు ఎదురుగా పెడితే గాజులో గాలి బుడగలు ఆవగింజల్లా కనబడ్డాయి. అచ్చు రెండు ముక్కలు కలిసిన గీత భుజం మీదుగా పైకి పాకి, పెదవి దగ్గరికి వచ్చేసరికి మాయమైపోయింది. గీత అక్కడ ఆగడం ముఖ్యమైన ఆనవాలు. పెదవిని అచ్చులో పోయలేదు, ఒక మనిషి వేడిగా ఉండగా పనిముట్టుతో తిప్పి చేశాడని అర్థం.

గోలీ సీసాలో పెదవి చివర్న చేయడానికి కారణం ఉంది. ముందు సీసా ఊదుతారు. మెడ ఇంకా మెత్తగా ఉండగానే రెండు వైపుల నొక్కి, గోలీ కిందికి జారిపోకుండా నడుము చేస్తారు. తరువాత గోలీ లోపల వేసి, అప్పుడు పెదవి చుట్టి, దాని లోపలి వైపు రబ్బరు రింగు కూర్చోవడానికి గాడి తీస్తారు. అందుకే ఆ గోలీ బయటికి రావాలంటే సీసా పగలాల్సిందే. మన పిల్లలు సోడా కొట్టు వెనక చెత్తకుప్పలో గాజుముక్కల మధ్య గోలీలు ఏరుకున్నది అందుకే.

పని చేసే తీరు చిన్నప్పుడు చూడనివాళ్లకు చెప్పాలి. నీళ్లూ గ్యాసూ ఒత్తిడితో పట్టించేటప్పుడు సీసాను తలకిందులు చేస్తారు. గోలీ జారి మూతి దగ్గర రింగు మీద కూర్చుంటుంది. లోపలి గ్యాసే దాన్ని బయటికి తోస్తూ బిగించి పట్టుకుంటుంది. బెండు లేదు, తీగ లేదు, లక్క లేదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే కుయ్యిమని గోలీ లోపలికి పడుతుంది. వంచి తాగేటప్పుడు అది మళ్లీ మూతికి అడ్డం పడకుండా మెడలో ఒక పక్కన రెండు నొక్కులుంటాయి, గోలీ వాటి మధ్య ఇరుక్కుంటుంది. నొక్కులున్న వైపు కిందికి పెట్టి తాగాలని సోడా బండి తాత చెప్పిన గుర్తు మన తరానికి ఉంది.

ఇక అక్షరాలు. ముందు వైపు పలక నున్నగా, ఖాళీగా ఉంది. వెనక కింది భాగంలో అరిగిపోయిన ఉబ్బెత్తు అక్షరాలు చేతికి తగులుతున్నాయి, కంటికి ఆనడం లేదు. ఇలాంటప్పుడు నేను చేసేది చాలా తేలిక. చిటికెడు విభూతి వేలికి రాసుకుని అక్షరాల మీద తేలిగ్గా తుడుస్తాను, గది చీకటి చేసి టార్చిలైటు పక్కనుంచి వేస్తాను. అక్షరాల అంచుల్లో విభూతి నిలిచి పేరు పైకి లేస్తుంది. వరుసగా మూడు పంక్తులు బయటపడ్డాయి: డాన్ రైలాండ్స్, లిమిటెడ్, బార్న్‌స్లీ.

మొదటి ఇద్దరు

మొదటి మనిషి పేరు ఆ సీసా మీద లేదు. ఆయన హైరమ్ కాడ్. 1838లో ఇంగ్లండులో బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో పుట్టాడు. బెండు మూతలు అమ్మే కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే ఉద్యోగం చేశాడు. సోడా గ్యాసుకు బెండు ఎలా తన్నుకుపోతుందో, ఎండితే ఎలా కారుతుందో రోజూ చూసినవాడు కాబట్టే దానికి విరుగుడు ఆలోచించగలిగాడని నా నమ్మకం. అంతకుముందు సోడా సీసాల అడుగు కోడిగుడ్డులా గుండ్రంగా ఉండేది. నిలబెట్టడానికి వీల్లేకుండా పడుకోబెట్టే ఉంచితే బెండు తడిగా ఉండి బిగుతు తగ్గదని అలా చేసేవారు. కాడ్ 1870లో గోలీ మూత మీద పేటెంటు తీసుకుని, తరువాతి రెండు మూడేళ్లలో మనకు తెలిసిన ఈ ఆకారానికి తెచ్చాడు. సీసాలు ఎవరైనా చేసుకోవచ్చన్నాడు. కాని ఏటా ఫీజు కట్టాలి, గోలీలూ, రబ్బరు రింగులూ, గాడి తీసే పనిముట్టూ తన దగ్గరే కొనాలి.

రెండో వ్యక్తి డాన్ రైలాండ్స్. యార్క్‌షైర్‌లో బార్న్‌స్లీ బొగ్గు గనుల ఊరు. కొలిమికి బొగ్గు చేతికందే దూరంలో ఉంటుంది కాబట్టి ఆ చుట్టుపక్కల గాజు ఫ్యాక్టరీలు బలిశాయి. అక్కడి హోప్ గ్లాస్ వర్క్స్ యజమాని బెన్ రైలాండ్స్‌తో కాడ్ భాగస్వామి అయ్యాడు. 1881లో బెన్ చనిపోయాక కొడుకు డాన్ వచ్చాడు. 1884లో ఆ పొత్తు విడిపోయింది. 1887లో కాడ్ కన్నుమూశాడు.

మన సీసా కాలం తేల్చింది ఈ వరుసే. పొత్తు ఉన్న రోజుల సీసాల మీద “రైలాండ్స్ అండ్ కాడ్” అని జంట పేరు ఉంటుంది. మన దాని మీద డాన్ ఒక్కడే ఉన్నాడు, కాబట్టి 1884 తరువాతిది. పైగా “లిమిటెడ్” అని ఉంది. డాన్ వ్యాపారం లిమిటెడ్ కంపెనీ అయింది 1880ల చివర్లో. కొన్నేళ్లకు ఆ కంపెనీ పేరే రైలాండ్స్ గ్లాస్ అండ్ ఇంజనీరింగ్ అని మారిపోయింది. అంటే ఈ బుడ్డిని ఊదింది 1880ల చివరికీ 1890ల చివరికీ మధ్య. బేరగాడు చెప్పిన 1870 తప్పు. అది కాడ్ పేటెంటు తీసుకున్న సంవత్సరం, ఈ సీసా పుట్టిన సంవత్సరం కాదు. ఇంటర్నెట్‌లో గోలీ సోడా అని వెతికితే ముందు కనబడే సంవత్సరం అదే, అందుకే అమ్మేవాళ్లందరి నోటా అదే వినబడుతుంది.

రెండో బుడ్డి సంగతి అక్కడే తేల్చేశాను. దాని మీద పేరు లేదు, గాజు ముదురు ఆకుపచ్చ, అడుగు అంచు కొత్తదానిలా ఉంది. చాలాకాలం తిరిగిన సీసాకు అడుగున, భుజం దగ్గర పెట్టెల్లో ఒకదానికొకటి ఒరుసుకుని గరుకు పట్టీ పడుతుంది. మొదటిదానికి అది చక్కగా ఉంది, రెండోదానికి లేదు. అడిగితే, యజమాని గారి అన్నయ్య 1980ల్లో అన్నవరం కొండ కింద సోడా బండి దగ్గర ముచ్చటపడి తెచ్చుకున్నట్టు వాళ్ల వదిన గారికి గుర్తొచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో హాథ్రస్ దగ్గర సాస్నిలో ఇప్పటికీ గోలీ సీసాలు తయారవుతున్నాయి. మన బండ్ల మీద తిరిగే బుడ్లు చాలావరకు అటునుంచి వచ్చినవే.

ఖాళీ పలక

మామూలుగా ఇక్కడితో రిపోర్టు రాసి ఇచ్చేస్తాను. కాని ఖాళీగా ఉన్న ఆ పలక నన్ను వదల్లేదు. సోడా వ్యాపారి తన పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో వేయించుకోవడానికి ఉద్దేశించిన చోటు అది. పేరు కావాలంటే ప్రత్యేకంగా అచ్చు చెక్కించాలి, ఎక్కువ సరుకు ఒకేసారి ఆర్డరివ్వాలి. మద్రాసులో పెద్ద పెద్ద దొరల కంపెనీలకు అది లెక్కలోది కాదు. చిన్న వ్యాపారి ఖాళీ పలక సీసాలే కొనుక్కుంటాడు. అంటే దీన్ని నింపినవాడు చిన్నవాడు. అలాంటివాడి పేరు ఇంగ్లీషు డైరెక్టరీల్లో దొరకదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఏటా వేసిన ఆసైలమ్ ప్రెస్ ఆల్మనాక్ లాంటివాటిలో ఊళ్ల వారీగా వ్యాపారుల పేర్లుంటాయి గాని, ఎక్కువగా దొరలూ, పెద్ద షావుకార్లే.

ఇంట్లోవాళ్లకు ఒక ఊహ ఉండేది. రామచంద్రపురం దగ్గరే కాబట్టి ఇది అక్కడి ఆర్టోస్ సోడా కంపెనీ వాళ్ల బుడ్డి అయ్యుంటుందని. ఆర్టోస్ మొదలైంది 1919లో. సీసా అంతకన్నా ఇరవై ఏళ్లకు పైగా పెద్దది. సీసాలు చేతులు మారుతూ తిరుగుతాయి కాబట్టి పూర్తిగా కొట్టిపారేయలేం, కాని దాన్ని నిలబెట్టే ఆనవాలు మాత్రం ఒక్కటీ లేదు.

“పాత కాగితాలేమైనా ఉన్నాయా?” అని అడిగాను. “తాతల నాటి చిట్టాలు ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి, చెదలు పట్టాయి, బియ్యం వ్యాపారం లెక్కలు” అన్నారు. పెట్టె తెరిపించాను. పొడుగాటి కాగితాలు మధ్యకు మడిచి దారంతో కుట్టిన చిట్టా (రోజువారీ పద్దులు), ఆవర్జా (ఖాతాల వారీ లెక్కలు). గొలుసుకట్టు రాత, తెలుగు అంకెలు, పాతిక, పరకలకు వాడే పాత గుర్తులు. ఈ రాత చదవడం నాకూ కష్టమే. మొదటి రోజు రెండు పేజీలు కూడా సాగలేదు.

మూడో రోజు ఒక పేజీలో “బుడ్లు 2 గ్రోసులు” అని కనబడింది. పక్కనే “రబ్బరు ఉంగరాలు”. గుండె ఝల్లుమంది. గ్రోసంటే 144, రెండు గ్రోసులంటే 288 బుడ్లు. ఇంట్లో తాగడానికి ఎవరూ 288 బుడ్లు కొనరు.

అదే పేజీలో కింద “సీ” అని పొట్టిగా రాసి, దానికెదురుగా “4 మణుగులు” అని ఉంది. యజమాని గారు, నేను ఇద్దరం దాన్ని సీసాలు అనే చదువుకున్నాం. రెండు రోజులు అదే అర్థంతో లెక్క కట్టి చూశాను, కుదరలేదు. ఆ రాత్రి బస్సులో తిరిగి వస్తుంటే తట్టింది. సీసాలను ఎవరూ మణుగుల్లో తూచరు, డజన్లలో, గ్రోసుల్లో లెక్కపెడతారు. మణుగంటే ఎనిమిది వీశెలు, పదకొండు కిలోల పైచిలుకు. తూకం వేసేది లోహాన్ని. అది సీసా కాదు, సీసం!

మర్నాడు పొద్దున్నే మళ్లీ కాకినాడ వెళ్లి వెనక పేజీలు తిప్పితే ఒకచోట పొట్టి చేయకుండా “సీసము రేకు” అని పూర్తిగా రాసి ఉంది. నాలుగు మణుగుల సీసం రేకు, అంటే నలభై అయిదు కిలోలు. బియ్యం వ్యాపారికి అంత సీసంతో ఏం పని?

దాని చుట్టూ ఉన్న పద్దులు అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టాయి. “సీమసున్నము”, అంటే సుద్ద, పీపాల లెక్కన. ఇంట్లోవాళ్లు ఇన్నాళ్లూ అది గోడలకు వెల్ల వేయడానికనుకున్నారు. “గంధకద్రావకము”, అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్, జాడీల లెక్కన. అది మందుల్లోకనుకున్నారు. విడివిడిగా చూస్తే వాళ్లనుకున్నది తప్పేమీ కాదు. సీమసున్నం వెల్లకూ పనికొస్తుంది, గంధకద్రావకం కంసాలికీ కావాలి, సీసం రేకు పడవల పనిలోనూ వాడతారు. ఏ ఒక్కటీ రుజువు కాదు. కాని సీమసున్నం, గంధకద్రావకం, సీసం రేకు, రబ్బరు ఉంగరాలు, గోలీ బుడ్లు అయిదూ ఒకే ఏడాది ఒకే చేతిరాతలో ఒకే ఖాతా కింద వచ్చాయంటే అర్థం ఒకటే. వాళ్లు సోడా కొనలేదు, తయారుచేశారు.

ఎందుకంటే గ్యాసు సిలిండర్లు ఊళ్లలోకి రాకముందు సోడా గ్యాసు పుట్టించింది ఇలాగే. సీమసున్నాన్ని నీళ్లలో కలిపి, దాని మీద గంధకద్రావకం కొంచెం కొంచెంగా వదులుతారు. బుసబుస పొంగి బొగ్గుపులుసు గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్, లేస్తుంది. దాన్ని నీళ్లలోంచి పోనిచ్చి కడిగి, పంపుతో ఒత్తిడి పెట్టి, మంచినీళ్లలో కలుపుతారు. ద్రావకం ఇనుమును తినేస్తుంది, సీసాన్ని మాత్రం తినలేదు. సీసం మీద ఒక పొర కట్టి అదే కాపాడుతుంది. అందుకని గ్యాసు పుట్టించే పాత్రకు లోపల సీసం రేకు తొడుగు వేసేవారు. లండన్‌లో హేవార్డ్ టైలర్ లాంటి కంపెనీలు అమ్మిన సోడా మిషన్లలోనూ పద్ధతి ఇదే. తొడుగు అరిగితే మళ్లీ వేయించుకోవాలి. చిట్టాలోని సీసం బహుశా దానికే.

1890నా, 1950నా?

ఇప్పుడు పెద్ద చిక్కు. చిట్టా మీద ఇంగ్లీషు సంవత్సరం లేదు. “వికృతి నామ సంవత్సరం” అని మాత్రమే ఉంది. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి. వికృతి 1890-91లో వచ్చింది, మళ్లీ 1950-51లో వచ్చింది, 2010లో కూడా వచ్చింది. అణాల లెక్క 1957 దాకా ఉంది కాబట్టి రూపాయలు, అణాలు, పైసలు చూసి తేల్చలేం. ఇంట్లోవాళ్లు 1950 అనే అనుకుంటున్నారు. పాత కుటుంబాల కాగితాలతో పనిచేసే అందరికీ ఇది చెబుతున్నాను: తెలుగు సంవత్సరం పేరు చూసి వెంటనే ఇంగ్లీషు సంవత్సరం వేసేయకండి. అరవై ఏళ్ల తేడా వస్తే రెండు తరాలు తారుమారవుతాయి.

తేల్చింది రెండు విషయాలు. ఒకటి ద్రావకం పద్దే. 1950 నాటికి సోడా వాళ్లు సిలిండర్ గ్యాసు వాడుతున్నారు. సీమసున్నం, ద్రావకం అవస్థ అప్పుడెవరూ పడరు. రెండోది “స్టీమరు కేవు” అన్న పద్దు. కేవంటే ఓడ కూలి. మద్రాసు నుంచి వచ్చిన ప్రతి సరుకుకూ స్టీమరు కేవు, ఆపైన పడవ కూలి రాసి ఉన్నాయి. అప్పట్లో పెద్ద ఓడలు కాకినాడ ఒడ్డుకు రాలేకపోయేవి, దూరంగా లంగరు వేస్తే సరుకు పడవల మీద ఉప్పుటేటిలోకి తెచ్చేవారు. మద్రాసుకూ కలకత్తాకూ మధ్య తీరం వెంట స్టీమర్లు తిరుగుతున్న రోజులు. ఈస్ట్ కోస్ట్ రైల్వే ఇటువైపు వచ్చింది 1893లో. 1890లో మద్రాసు సరుకు ఓడ మీదో, కాలువ పడవ మీదో రావాల్సిందే, ఇటు రైలు లేదు. 1950లో అయితే రైలు కూలి పద్దు కనబడాలి, ఒక్కటీ లేదు.

సీసా మీది “లిమిటెడ్” చెప్పిన కాలం, చిట్టా చెప్పిన కాలం ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. రెండూ ఒకదాన్నొకటి ఎరగని సాక్ష్యాలు. ఒకటి యార్క్‌షైర్ గాజులో, రెండోది జగన్నాథపురం కాగితంలో. ఈ పనిలో ఇంతకన్నా సంతోషం నాకు తెలియదు.

సోడాకొట్టు

నేను నా అనుమానం ఎవరికీ చెప్పకముందే ఒక మనిషిని కలవాలనుకున్నాను. యజమాని గారి మేనత్త గారు, ఎనభై నాలుగేళ్లు, రామారావుపేటలో కూతురి దగ్గర ఉంటారు. సోడా మాట ముందు ఎత్తితే ఆమె జ్ఞాపకానికి నేనే రంగు పూసినట్టవుతుంది. అందుకని ఇల్లు గురించి మాత్రమే అడిగాను. “పిన్నిగారూ, పాత ఇంట్లో ఏ గది ఎక్కడుండేదో చెబుతారా?”

ఆమె వేలితో మంచం మీదే గీసి చూపించారు. వీధరుగు, సావిడి, వంటిల్లు, నుయ్యి. “నూతి పక్కన సోడాకొట్టు. దాని వెనక పశువుల పాక.”

“సోడాకొట్టా?”

“ఆ, అందరం అలాగే అనేవాళ్లం. మా చిన్నప్పుడు అందులో పిడకలు పోసేవారు నాయనా. సోడా ఎందుకన్నారో నాకూ తెలీదు, అమ్మనీ అడగలేదు.”

పని ఎప్పుడో పోయినా పేరు ఆ గదిని వదల్లేదు. ఇంటర్వ్యూలు చేసేవాళ్లు మనుషుల్ని “మీ తాతగారు ఏం చేసేవారు” అని అడుగుతారు. నా అనుభవంలో “ఏ గదిని ఏమనేవారు” అన్న ప్రశ్న ఎక్కువ పలుకుతుంది. ఏం చేసేవారో తరం మారితే మరిచిపోతారు, గది పేరు నోటికి అలవాటై ఉండిపోతుంది.

అప్పటికి ఇల్లు సగం పడగొట్టారు. నూతి పక్కన నాపరాళ్లు ఇంకా లేపలేదు. మేస్త్రీని బతిమాలి రెండు రాళ్లు లేపించాం. కింద జానెడు మందాన తెల్లగా గట్టిపడిన పదార్థం, పలుగుకు పెళ్లలుగా లేచింది. మేస్త్రీ సున్నం అన్నాడు. పాత సున్నమో, సీమసున్నమో అయితే నిమ్మరసం వేస్తే పొంగాలి. నిమ్మకాయ తెప్పించి పిండాం. ఒకటి రెండు చోట్ల సన్నగా బుడగలు వచ్చాయి, మిగతాదంతా చలించలేదు. సీమసున్నం మీద గంధకద్రావకం పోస్తే గ్యాసు పోగా మిగిలేది జిప్సం. అది నిమ్మరసానికి పొంగదు. రోజూ మిగిలిన ఆ బురదను కొట్టు పక్కనే పోసి ఉంటారు, తరువాత ఎవరో దాని మీద రాళ్లు పరిచారు. కెమిస్ట్రీ చెప్పే స్నేహితుడి చేత చిన్న పెళ్లను పరీక్ష చేయించాను. కాల్షియం సల్ఫేట్ అనే వచ్చింది, అందులో కొద్దిగా సీమసున్నం కలిసి ఉందని చెప్పాడు.

ఒక్కో సీసాకూ నేను రాసి పెట్టే కార్డులో తయారీదారు అన్న గడి ఇదివరకు ఒకటే ఉండేది. ఈ కేసు తరువాత మూడు చేశాను. ఊహించినది హైరమ్ కాడ్, ఊదినది బార్న్‌స్లీ డాన్ రైలాండ్స్ లిమిటెడ్, నింపినది జగన్నాథపురం ఇంటివారు. సీసా ఆ ఇంట్లోనే దొరికింది, వాళ్లు ఆ రకం బుడ్లే కొన్నట్టు పద్దు ఉంది కాబట్టి మూడో గడి నింపడానికి నేను వెనకాడలేదు. పలక ఖాళీగా ఉన్న సీసాలు నా దగ్గర ఇంకా పదకొండు ఉన్నాయి. వాటి మూడో గడి ఖాళీ. అవి దొరికిన ఇళ్లకు మళ్లీ వెళ్లి, ఈసారి చిట్టాలు అడుగుతున్నాను.

బేరగాడికి బుడ్డి అమ్మలేదు. చిట్టాలకు చెదల మందు వేసి, ఒక్కో పేజీ ఫొటో తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి మళ్లీ ట్రంకు పెట్టెలో పెట్టాం. ఫొటోలు తీస్తుండగా అదే వికృతి చిట్టాలో మాఘమాసం పద్దుల మధ్య ఒక పంక్తి కనబడింది. “బుడ్డి 1, గోలీ కొరకు అబ్బాయి పగులగొట్టినది.” ఫోన్‌లో చదివి వినిపిస్తే మేనత్త గారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ ఇంట్లో అప్పుడున్న మగపిల్లాడు మా తాతయ్య ఒక్కడే నాయనా,” అన్నారు.